పక్షవాత రోగులకు మూత్రబాధ – ఇంటి పరిచర్య

తొలకరి వానలు పడినంతనే మా జొన్నగిరి చేలలో వజ్రములు వెదకుటకు ఎందెందునుండియో జనులు వత్తురు. మా యింటికిని చుట్టములు వత్తురు. అట్టి దినములలో మా అత్తగారు నీరు త్రాగుట మానివేసిరి. అంతకు రెండు నెలల క్రిందట వారికి పక్షవాతము వచ్చి కుడిచేయి, కాలు పడిపోయినవి, మాట తడబడెను. పక్క తడియుచుండెను. చుట్టముల యెదుట అవమానమగునని, నీరు మానినచో మూత్రమే రాదని వారు తలంచిరి. మేమును అడ్డు చెప్పలేదు. నాలుగు దినములలో మంట పుట్టి జ్వరము తగిలెను. మూత్రవేగమును నిలుపరాదని చరకసంహితలో చదివియు, నీరు మానుటలోని కీడు మాకు తోచకపోయెను.

సోదరీమణులారా, ఈ బాధ మొండితనము కాదు. మెదడులో ఒక భాగమునకు రక్తము అందకపోవుటయో, రక్తనాళము చిట్లుటయో పక్షవాతము. మూత్రాశయము నిండిన సంగతి మెదడునకు చేరగా, అనువైన వేళవరకు ఆపుమని మెదడే ఆజ్ఞ యిచ్చును. ఆ యాజ్ఞ సడలినచో, వచ్చునని తోచినంతనే మూత్రము జారిపోవును. కొందరికి మూత్రాశయము పూర్తిగా వెలితి గాక బొట్టుబొట్టుగా కారును. మరికొందరు ఎరుక యుండియు లేచి నడువలేరు, నోట చెప్పలేరు. తొలి దినములలో ఇంచుమించు సగము మందికి ఈ బాధ యుండును. పెక్కుమందికి వారములలోనో నెలలలోనో తగ్గును.

వైద్యుని మాట చొప్పున మేము మూడు దినములు వారెప్పుడు త్రాగిరో, ఎప్పుడు మూత్రము విడిచిరో వ్రాసి చూచితిమి. పిదప పగలు రెండు గంటలకొకసారి, వారు అడుగకమునుపే "ఒంటికి పోయి వత్తమా, అత్తమ్మా?" యని కూర్చుండబెట్టితిమి. పెరటికి నడువలేరు గాన మంచము ప్రక్కనే కమోడు కుర్చీ వేసితిమి. ఎడమచేతికందునట్లు చిన్న గంట యుంచితిమి. పగలు నీరు, మజ్జిగ మానక యిచ్చి, పండుకొనుటకు రెండు గంటల ముందు తగ్గించితిమి. కాఫీ ఒక్కపూటకే. మలబద్ధము మూత్రాశయమును ఒత్తును గాన ఆకుకూరలు, పండ్లు పెట్టితిమి. తడిసిన బట్టను వెంటనే మార్చి, ముందునుండి వెనుకకు కడిగి, తడి యొత్తితిమి. లేనిచో చర్మము చెడి పుండ్లు పడును.

మ్రింగునపుడు పొలమారువారికిని, గుండె, మూత్రపిండముల జబ్బు గలవారికిని నీరెంత, ఎట్లు ఈయవలెనో వైద్యుని అడుగవలెను. జ్వరము, మంట, మూత్రములో రక్తము కనబడినను, పొత్తికడుపు ఉబ్బి మూత్రము బంధించినను ఆలసింపరాదు. ఆసుపత్రిలో గొట్టము వేసినచో ఎన్నాళ్లుంచవలెనని అడుగుడు. అక్కర తీరిన పిదపయు ఉంచిన సూక్ష్మక్రిములు చేరును. మీరై లాగివేయకుడు.

రెండు నెలలకు పగటివేళ పక్క తడియుట మానెను. రాత్రులందు ఇప్పటికిని ఒక్కొక్కప్పుడు తడియును. అయినను మొన్న చుట్టములు వచ్చినపుడు అత్తగారు అందరి యెదుటనే గంట మ్రోగించిరి. తిరిగివచ్చి చెంబెడు మంచినీళ్లు అడిగి త్రాగిరి.