మీకు తెలుసా? కల్లులో ఆందోళన మందు!

అల్ప్రాజోలం ఆందోళన తగ్గించే మాత్ర. దాని 2 మిల్లీగ్రాముల పొడుగాటి బిళ్లను అమెరికా కుర్రకారు ‘బార్స్’ అంటారు. మన దగ్గర దాని దారి వేరు, పొడి రూపంలో కల్లులో కలుపుతారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి కల్తీ కల్లు మరణాలప్పుడు నమూనాల్లో బయటపడింది ఇదే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు కాంపౌండ్లు మూతపడగానే, చేతులు వణుకుతూ, ఏదేదో మాట్లాడుతూ జనం ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వరుస కట్టారు. ఈ మందును ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. మద్యంతో కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. కల్లులో మద్యం ఎలాగూ ఉంది కదా!

మందుల షాపులు డాక్టర్ చీటీ లేనిదే దీన్ని అమ్మకూడదు. అమ్మితే రోగి, డాక్టర్ పేర్లు రాసిన రిజిస్టర్‌ను 3 ఏళ్లు ఉంచాలి. ఇప్పటికే వాడుతున్నవారు సొంతంగా మానేయకండి, డాక్టర్ సలహాతో మెల్లగా తగ్గించుకోండి.