గుడ్డులోని నీరు - గాలిలోని తేమ

కోడిపెట్ట గుడ్లపై కూర్చుని ఇరవై ఒక్క రోజులకు పిల్లలతో లేచి రావడం పల్లెలో పుట్టినవారికి వింత కాదు. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వైపు అడవి అంచుకు వెళ్ళేకొలదీ ఇంటింటి ముందూ నాలుగు కోళ్ళు గింజలేరుకుంటూ కనిపిస్తాయి. ఆ ఇళ్ళలో కోడి ఆహారం మాత్రమే కాదు. పండుగకు అక్కర, అతిథికి మర్యాద, ఆపదలో సంతకు తీసుకుపోగల చిన్న పొదుపు.

హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికై వనరాజా, గ్రామప్రియ వంటి మేలురకాలను రూపొందించింది. ఇవి నాటుకోడి కంటె హెచ్చుగా గుడ్లు పెడతాయి. కాని పొదుగుకు కూర్చునే గుణం వీటిలో దాదాపు లేదు. కావున ఆ గుడ్లను నాటుకోడి కిందనైనా పెట్టాలి, లేదా ఇంట్లోనే యంత్రంతో పొదిగించాలి. నాటుకోడి ఒక విడతకు పది పన్నెండు గుడ్లకు మించి కప్పలేదు. అందువలన చిన్న పొదుగు పెట్టెల అవసరం కలుగుతున్నది.

మేము కొందరం మిత్రులం ఒక వానాకాలంలో ఈ పనికి పూనుకున్నాము. థర్మోకోల్ పెట్టె, బల్బు, చిన్న ఫ్యాను, వేడిని అదుపు చేసే థర్మోస్టాటు సమకూర్చుకున్నాము. పొరుగూరి అవ్వ ఒకామె ఇరవై నాలుగు గుడ్లు ఇచ్చింది. పిల్లలలో సగం ఆమెకు ఇస్తామని మాట ఇచ్చాము. లోపలి గిన్నె ఎండరాదని రోజూ నిండా నీరు పోశాము. పిల్లలైనవి తొమ్మిదే. మిగిలినవాటిని పగులగొట్టి చూడగా, పెక్కింటిలో పూర్తిగా ఎదిగిన పిల్ల ఉబ్బి, తడిసి, పెంకును పొడవకుండానే చనిపోయి ఉన్నది. అవ్వ మమ్మల్ని కోపగించలేదు. పగులగొట్టని ఒక గుడ్డును అరచేతిలో ఆడించి చూసి, "ఇంకా బరువుగనే ఉన్నది గద బిడ్డా, గుడ్డు తేలిక కావాలె" అన్నది. మా తప్పేమిటో ఆ ఒక్క మాటతో తెలిసివచ్చింది.

గుడ్డు పెంకు చూడడానికి మూసిన గోడవలె ఉన్నా, దానిలో వేలాది సూక్ష్మరంధ్రాలున్నాయి. వాటిగుండానే ప్రాణవాయువు లోపలికి పోతుంది. బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి బయటకు వస్తాయి. నీరు తగ్గిన మేరకు గుడ్డు వెడల్పు కొనలో గాలిగది పెరుగుతుంది. మొదటి పద్ధెనిమిది రోజులలో గుడ్డు తన బరువులో 11 నుండి 13 శాతం కోల్పోవడం మంచిది. ఇరవయ్యో రోజు ప్రాంతంలో పిల్ల తన ముక్కుతో పొరను చీల్చి, ఆ గదిలోని గాలితోనే మొదటిసారిగా ఊపిరితిత్తులతో శ్వాసిస్తుంది. ఆ తరువాతనే పెంకును పొడుస్తుంది.

పెట్టెలో తేమ మితిమీరితే గుడ్డులో నీరు దిగదు, గాలిగది చిన్నదిగానే మిగులుతుంది, పిల్లకు కదలడానికి చోటుగాని తొలి ఊపిరికి గాలిగాని చాలదు. తేమ కొరవడితే పిల్ల చిక్కిపోతుంది. పెంకులోని పొర ఎండి తోలువలె బిగిసి, పిల్ల దానికి అంటుకుని తిరగలేకపోతుంది.

మన ఉర్దూ మిత్రులు 'నమీ' అనే ఈ తేమకు గ్రంథాలు లెక్క చెబుతాయి. ఫ్యాను గల పెట్టెలో 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడి. మొదటి పద్ధెనిమిది రోజులు 50 నుండి 55 శాతం తేమ. చివరి మూడు రోజులు 65 నుండి 70 శాతం. తేమను కొలిచే పరికరం లేనివారు థర్మామీటరు గుండుకు తడి నూలుగుడ్డ చుట్టి ఫ్యాను గాలికి ఉంచవచ్చును. అది 29 డిగ్రీలు చూపితే తేమ సుమారు 53 శాతం. 32 చూపితే సుమారు 68 శాతం.

అయితే ఈ శాతం రావడానికి ఎంత నీరు పెట్టాలన్నది గ్రంథం చెప్పలేదు. అది బయటి గాలిని బట్టి మారుతుంది. గాలి వేడెక్కినకొద్దీ అది ఇముడ్చుకోగల ఆవిరి పెరుగుతుంది. అందువలన ఆవిరి మొత్తం మారకపోయినా శాతం పడిపోతుంది. ఉదాహరణకు 28 డిగ్రీల వద్ద 85 శాతం తేమగల వానాకాలపు గాలి పెట్టెలో 37.5 డిగ్రీలకు చేరితే తేమ 50 శాతం వద్ద నిలుస్తుంది. అనగా నీటిగిన్నె దాదాపు అక్కరలేదు! 20 డిగ్రీల వద్ద 60 శాతం తేమగల చలికాలపు గాలి అదే పెట్టెలో 22 శాతానికి దిగుతుంది. అపుడు నీరు లేకపోతే గుడ్డు ఎండిపోతుంది. గోదావరి గట్టున శ్రావణంలో పనికివచ్చిన గిన్నె పుష్యంలో పనికిరాదు.

కావున గుడ్డునే అడగాలి. పది గుడ్లకు పెన్సిలుతో గుర్తు పెట్టి, పెట్టెలో ఉంచేనాడు కలిపి తూచాలి. అవి 400 గ్రాములైతే, వారానికి సుమారు 381, రెండు వారాలకు 363, పద్ధెనిమిదో రోజుకు 352 గ్రాములకు రావాలి. బరువు తగ్గకపోతే నీరు తీసివేసి గాలిరంధ్రాలు పెంచాలి. మరీ తగ్గితే నీటి వైశాల్యం పెంచాలి. ఆవిరి పుట్టేది నీటి ఉపరితలం నుండి గనుక, లోతైన చెంబు కంటె వెడల్పు పళ్ళెం మేలు. చీకటిగదిలో టార్చిలైటు వెలుగున గుడ్డును చూస్తే గాలిగది పెరుగుదల కూడా తెలుస్తుంది.

పద్ధెనిమిదో రోజు నుండి గుడ్లను తిప్పడం మాని, తడి స్పాంజితో తేమ పెంచాలి; గాలిరంధ్రాలను మాత్రం మూయరాదు. పిల్లలు పొడుచుకు వచ్చేవరకు మూత తెరవరాదు. తెరిచిన ప్రతిసారీ కూడిన తేమ ఒక్కసారిగా బయటకు పోతుంది, పొర బిగుస్తుంది. ఆత్రమే ఇక్కడ పెద్ద శత్రువు.

ఈ విద్య కొత్తది కాదు. పన్నెండవ శతాబ్ది చివర ఈజిప్టుకు వెళ్ళిన బాగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫ్, అక్కడివారు పొయ్యిగదులలో గుడ్లు పొదిగించే తీరును వివరంగా వ్రాశాడు. థర్మామీటరు లేని కాలంలో ఆ పనివారికి చేయీ, కన్నూ, అనుభవమే ఆధారం. మా అవ్వ అరచేయి కూడా ఆ కోవలోనిదే.

మరుసటి విడత చలికాలంలో పెట్టాము. ఈసారి పది గుడ్లను తూచుతూ, పళ్ళాన్ని మార్చుతూ నడిపాము. అవ్వకు మొదటి విడత బాకీతో సహా పిల్లలను అప్పజెప్పి వచ్చాము. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే: ప్రయోగశాలలో ఊరకే ఉన్న చిన్న త్రాసునూ, రెండు థర్మామీటర్లనూ సెలవులలో ఊళ్ళకు తీసుకుపోనివ్వండి. అవి ఒక్క విడత గుడ్లను కాపాడినా, ఒక ఇంటి పొదుపు నిలుస్తుంది.