మేకపాలు: పచ్చివా, కాచినవా?

కోలారు జిల్లాకు పేరు తెచ్చినవి మూడు: బంగారం, పట్టు, పాలు. బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. పాలు మాత్రం నేటికీ తెల్లవారేసరికి క్యాన్లలో గ్రామ పాలసంఘానికి చేరుతూనే ఉన్నాయి. అవి దాదాపు అన్నీ ఆవుపాలే. మేకపాల దారి వేరు. నాలుగు మేకలున్న ఇంట్లో పితికిన చెంబెడు పాలు ఆ ఇంట్లోనో, పక్కింట్లోనో ఖర్చయిపోతాయి.

ఈ తేడా చిన్నదేమీ కాదు. సంఘానికి పోసిన పాలను డెయిరీలో 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకన్లు వేడిచేసి, వెంటనే చల్లబరుస్తారు. దీనినే పాశ్చరీకరణం అంటారు. రోగాలు కలిగించే క్రిములు దీనితో చనిపోతాయి. చెంబులోని మేకపాలకు ఆ అవకాశం లేదు. వాటిని శుద్ధి చేయగలిగింది ఇంటి పొయ్యి ఒక్కటే.

ముళబాగిలు వైపు ఒక పల్లెలో, ఒక ఇంట్లో ఏడు నెలల బిడ్డ ఉందనుకుందాం. తల్లి కూలికి పోవాలి. మేకపాలు తేలిగ్గా అరుగుతాయని, పొదుగు వెచ్చదనం పోకముందే తాగిస్తే బలమని అవ్వ అంటుంది. కాస్తే సారం పోతుందని ఆమె భయం. తల్లికేమో అనుమానం. నిజానికి ఆ ఇంటి ముందున్న ప్రశ్నలు రెండు. బిడ్డకు మేకపాలు పట్టవచ్చునా? పట్టవలసివస్తే పచ్చిగానా, కాచా?

అవ్వ మాటలో కొంత నిజముంది. మేకపాలలోని కొవ్వు కణాలు ఆవుపాలలో కంటే చిన్నవి. అందువల్లనే మీగడ త్వరగా పైకి తేలదు. కడుపులో ఈ పాలు విరిగినప్పుడు ఏర్పడే గడ్డ కూడా మెత్తగా ఉంటుంది. గాంధీజీ 1919 నుంచి తాగినది మేకపాలే. ఆయన 1927లో విశ్రాంతి తీసుకున్న నందికొండ అప్పట్లో కోలారు జిల్లాలోనిదే. 2007లో అది చిక్కబళ్లాపురం జిల్లాలోకి వెళ్లింది.

అయితే పెద్దలకు మంచిదైన ఆహారం పసిబిడ్డకు సరిపోవాలని లేదు. రక్తం పట్టడానికి అవసరమైన ఫోలిక్ ఆమ్లం మేకపాలలో చాలా తక్కువ. కేవలం ఈ పాలమీదే పెరిగిన శిశువులకు రక్తహీనత రావచ్చు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి. ఏడాది నిండేవరకు తల్లిపాలకు బదులుగా ఏ పశువు పాలూ పనికిరావు. ఆవుపాలు పడని పిల్లలకు చాలామందికి మేకపాలు కూడా పడవు. రెండింటిలోని మాంసకృత్తులు దగ్గర చుట్టాలు.

ఇక పచ్చిపాల సంగతి. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడ ఒకప్పుడు మేకలను వీధుల్లో తోలుకుపోయి, గడప ముందే పాలు పితికి పోసేవారు. అక్కడి బ్రిటిష్ సైనికులు విడువని జ్వరంతో బాధపడేవారు. జ్వరంతో చనిపోయిన సైనికుని ప్లీహంలో 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు రోగక్రిమిని కనుగొన్నాడు. అది మనుషులలోకి ఎలా వస్తున్నదో చాలా ఏళ్లపాటు ఎవరికీ అంతుపట్టలేదు. 1905లో థెమిస్టోక్లిస్ జమ్మిత్ అనే మాల్టా వైద్యుడు మేకల రక్తాన్ని పరీక్షించాడు. చూడటానికి నిక్షేపంలా ఉన్న మేకల్లోనే ఆ క్రిమి దొరికింది! 1906లో సైనికులకు మేకపాలు ఆపేశారు. వారిలో జ్వరాలు బాగా తగ్గిపోయాయి. పాలు తాగడం మానని ఊరివారిలో మాత్రం జ్వరం పోలేదు. బ్రూస్ పేరుమీదుగానే ఈ వ్యాధికి బ్రూసెల్లోసిస్ అని పేరు వచ్చింది. ఇది భారతదేశంలో నేటికీ ఉన్నది.

కాబట్టి మేక బలిష్ఠంగా ఉన్నదని, పొదుగు కడిగామని, చెంబు తోమామని ధైర్యపడటానికి వీలులేదు. తోడు పెట్టినా, ఫ్రిజ్‌లో ఉంచినా ఈ క్రిమి చావదు. ఒక పొంగు రానిచ్చి, గరిటెతో కలియబెట్టి, సన్నని మంటమీద మరి రెండు నిమిషాలు ఉంచితే చాలు, చస్తుంది. కాచడంవల్ల కొన్ని విటమిన్లు కొంత తగ్గేమాట నిజమే. మాంసకృత్తులు, కాల్షియం ఎక్కడికీ పోవు. కాచిన పాలను మళ్లీ పచ్చిపాల చెంబులోనే పోస్తే మాత్రం చేసిన పనంతా వృథా.

మందలో మేకలు ఈచుకుపోతుంటే పశువైద్యునికి చూపించాలి. పడిపోయిన పిండాన్ని ఒట్టి చేతులతో తీయరాదు. క్రిమి ఆ దారిన కూడా సోకుతుంది. గర్భిణులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

డెంగ్యూ రోజుల్లో మేకపాలకు ఎక్కడలేని గిరాకీ వస్తుంది. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని పచ్చిపాలే తాగించేవారున్నారు. పెరుగుతాయనడానికి రుజువు లేదు. ఉన్న జ్వరానికి మరో జ్వరం తోడయ్యే ప్రమాదం మాత్రం ఉంది.

బ్రూసెల్లోసిస్ జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. రాత్రిళ్లు చెమటలు పోస్తాయి, నడుము, కీళ్లు నొప్పిపెడతాయి. మలేరియా అనో, టైఫాయిడ్ అనో పొరబడటం సులభం. సాధారణంగా ఆరు వారాలపాటు మందులు వాడవలసి వస్తుంది. ఇలాంటి జ్వరంతో ఆస్పత్రికి వెళ్లినవారు ఇంట్లో మేకలున్నాయని, పచ్చిపాలు తాగామని వైద్యునికి తామే చెప్పాలి. చెబితే ఏ రక్తపరీక్ష చేయించాలో ఆయనకు వెంటనే తోస్తుంది.