సేవ చేసే చేతులకు ఆసరా

ఇంట్లో ఒకరు మంచాన పడితే ఇద్దరి జీవితాలు మారిపోతాయి. రోగిని వైద్యుడు పరీక్షిస్తాడు. రేయింబవళ్ళు సేవ చేసే మనిషిని పట్టించుకొనేవారు అరుదు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, 15–59 ఏళ్ళ వారిలో కుటుంబంలోని పిల్లలను, వృద్ధులను, రోగులను చూసుకొనే స్త్రీలు అందుకు రోజుకు సగటున 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ శ్రమకు వేతనం లేదు, సెలవు లేదు.

కామారెడ్డి జిల్లాలోని ఎల్లారెడ్డి ప్రాంతాన్నే తీసుకొందాం. ఇక్కడి పల్లెల్లో ఎందరో స్త్రీలు బీడీలు చుట్టి ఇల్లు నడుపుతారు. మగవారు పలువురు గల్ఫ్ దేశాలకు వలస పోతారు. అటువంటి ఒక ఇంట్లో అత్తకు పక్షవాతం వచ్చి కుడి చేయి, కాలు పడిపోయాయనుకొందాం. ఆమెను లేపడం, స్నానం చేయించడం, తినిపించడం కోడలి వంతవుతాయి. బీడీల లెక్క తగ్గుతుంది, దానితో కూలి తగ్గుతుంది. వంగి బరువెత్తడం వల్ల నడుము నొప్పి మొదలవుతుంది. కంటికి నిద్ర కరవవుతుంది.

ఇటువంటి కుటుంబానికి తోడ్పడేది ఆక్యుపేషనల్ థెరపీ, అనగా వృత్తి చికిత్స. ఇక్కడ ‘వృత్తి’ అంటే ఉద్యోగం మాత్రమే కాదు. తినడం, బట్టలు కట్టుకోవడం, వండడం వంటి నిత్యకృత్యాలన్నీ. మన దేశంలో ఈ విద్యాబోధనకు 1950లో ముంబయిలో కమలా నింబకర్ నాంది పలికారు.

ఈ నిపుణులు రోగి సామర్థ్యాన్ని, ఇంటి అమరికను కలిపి పరిశీలిస్తారు. రోగిని పడిపోయిన చేయి పట్టి లాగితే భుజం దెబ్బతింటుంది. అందుచేత పాదాలు నేలకు ఆనించి, ముందుకు వంచి లేపే పద్ధతిని నేర్పుతారు. లేపేవారు నడుము కాక మోకాళ్ళు వంచాలి. రవికను పడిపోయిన చేతికి ముందుగా తొడగాలి, విప్పేటప్పుడు చివర తీయాలి. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. స్నానానికి కుర్చీ, రాత్రివేళ మంచం పక్కన మలవిసర్జన కుర్చీ అమర్చుకోవచ్చు. అత్త తన చేతితో తాను తినగలిగిన రోజున ఆమెకు గౌరవం, కోడలికి విరామం లభిస్తాయి.

అంతేకాదు, కోడలి దినచర్యను కూడ వారు పరిశీలిస్తారు. ఆమె నిద్రకు, సంపాదనకు, విశ్రాంతికి వేళలు నిర్ణయించి, ఏ పనిని ఇంట్లో ఎవరు పంచుకోవాలో సూచిస్తారు.

ఈ నిపుణులు ఎక్కువగా నగరాల్లోనే ఉంటారు. ఎల్లారెడ్డి పల్లెల నుండి రోగిని కామారెడ్డికి తీసుకొనిపోవడమే ప్రయాస. వికలాంగుల హక్కుల చట్టం, 2016 తీవ్ర వైకల్యం గలవారి సంరక్షణకు భత్యాన్ని ప్రస్తావించింది. కాని భత్యంతో పాటు శిక్షణ కూడ ఇంటి గడప చేరాలి. అంతవరకు, రోగిని ఆసుపత్రి నుండి ఇంటికి పంపేనాడే లేపే పద్ధతిని, కూర్చోబెట్టే పద్ధతిని అడిగి నేర్చుకోవడం కుటుంబం చేయదగిన పని. ఆ పద్ధతులను కోడలు ఒక్కతే కాక ఇంటిల్లిపాదీ నేర్చుకొన్నప్పుడే ఆమె భారం నిజంగా తగ్గుతుంది.