పక్కింటి మేడ మీద టవర్: అపోహలు, వాస్తవాలు

"టవర్ పెట్టినకాడికెల్లి తల నొస్తాంది అల్లుడా" అంది మా మేనత్త, దండెం మీది చీర దులుపుతూ. చీర మడతల్లోంచి నల్లటి నుసి రాలింది. బొగ్గుబాయిలో పని దొరికిందని మామతో కలిసి కరీంనగర్ వైపు నుంచి చంద్రపూర్ జిల్లా ఘుగ్గుస్ వచ్చి స్థిరపడిన మనిషి ఆమె. నుసి ఆమెకు అలవాటే. భయమంతా పక్కింటి మేడ మీదున్న టవర్‌ది. ఆ రాత్రి ఆమె అడిగినవీ, నేను చెప్పినవీ ఇవి.

అపోహ: టవర్ నుంచి వచ్చేది రేడియేషన్. క్యాన్సర్ ఖాయం.

రేడియేషన్ అనగానే ఎక్స్‌రేలు, అణుబాంబు గుర్తొస్తాయి. దీపం వెలుతురు కూడా రేడియేషనే. ఎక్స్‌రేలకు అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి ఉంది కాబట్టి డీఎన్‌ఏకు దెబ్బ తగులుతుంది. సెల్ తరంగాల శక్తి కంటికి కనిపించే వెలుతురు కన్నా లక్షల రెట్లు తక్కువ, ఆ పని వాటి వల్ల కాదు. తీవ్రత బాగా పెరిగితే ఒంటిని వేడెక్కించగలవు. ఆ స్థాయికి చేరకుండానే పరిమితులు పెట్టారు. 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశం అంతర్జాతీయ పరిమితిని పదో వంతుకు తగ్గించి అమల్లో పెట్టింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అది చదరపు మీటరుకు 0.45 వాట్లు.

"మరి ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పిందట గదా?" అంది అత్త. ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011 మేలో ఈ తరంగాలను '2బి' జాబితాలో చేర్చిన మాట నిజం. ఆధారాలు అరకొరగా ఉన్నాయి, కొట్టిపారేయలేం అని దాని అర్థం. అప్పుడు చూసిన ఆధారాల్లో ముఖ్యమైనవి ఫోన్‌ను ఎక్కువగా చెవికి ఆనించుకునేవారివి, టవర్ పక్కన ఉండేవారివి కావు. 2010లో బ్రిటన్‌లో, క్యాన్సర్ వచ్చిన 1,397 మంది చిన్నపిల్లలను 5,588 మంది ఇతర పిల్లలతో పోల్చి చూశారు. తల్లి గర్భంతో ఉన్నప్పుడు టవర్‌కు దగ్గరగా ఉండటానికీ, బిడ్డకు క్యాన్సర్ రావడానికీ సంబంధం కనిపించలేదు.

అపోహ: టవర్ కిందున్న ఇంటికే ఎక్కువ ముప్పు.

టార్చిలైటు పట్టుకున్నవాడి కాళ్ల మీద వెలుతురు ఎంత పడుతుంది? యాంటెన్నా కూడా అంతే, ఎదురుగా దూరానికి కొడుతుంది. నేరుగా కిందకు వచ్చేది కొంచెమే. అయితే మేడ ఎక్కి యాంటెన్నాకు ఎదురుగా దగ్గరలో నిలబడకూడదు. అక్కడ కట్టిన హెచ్చరిక బోర్డును లెక్కచేయాల్సిందే.

అపోహ: టవర్ ఊరవతలికి పోతే ఒంటికి మేలు.

నాకు ఎక్కువ బెంగ కలిగించేది ఈ నమ్మకమే. సిగ్నల్ ఒక్క గీత ఉన్నప్పుడు ఫోన్ గొంతు చించుకోవాలి, బ్యాటరీ అందుకే అంత తొందరగా దిగిపోతుంది. ఆ ఫోన్ ఉండేది మన చెవి పక్కనే. టవర్ దగ్గరుంటే ఫోన్ తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది.

ఇలాంటి అపోహే ఇంకొకటి: 5జీ వల్లే కరోనా రెండో అల వచ్చిందని 2021లో ఊళ్లన్నీ మారుమోగాయి. దేశంలో 5జీ సేవలు మొదలైంది 2022 అక్టోబరు 1న.

ఇక అత్త తలనొప్పి. అది అబద్ధం కాదు. టవర్ల వల్ల బాధ కలుగుతోందని చెప్పినవారిని 2007లో ఎసెక్స్ విశ్వవిద్యాలయం పరీక్షించింది. తరంగాలు వస్తున్నాయో లేదో చెప్పకుండా చూస్తే, వాటికీ బాధలకూ సంబంధం కనబడలేదు. వస్తున్నాయని ముందే చెప్పినప్పుడు మాత్రం బాధలు పెరిగాయి. భయం కూడా తల నొప్పించగలదు. టవర్ దగ్గర డీజిల్ జనరేటర్ మోత, పొగ ఉంటే అవి వేరే సంగతి, వాటి మీద తప్పక ఫిర్యాదు చేయాలి. అనుమానం తీరకపోతే టెలికాం శాఖ 'తరంగ్ సంచార్' పోర్టల్‌లో రూ.4,000 కట్టి ఇంటి దగ్గర కొలత తీయించుకోవచ్చు.

2బి జాబితా ఇచ్చిన ఆ విభాగమే 2013లో గాలి కాలుష్యాన్ని 1వ జాబితాలో, అంటే క్యాన్సర్ తెస్తుందని రుజువైనవాటిలో చేర్చింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన పారిశ్రామిక కాలుష్య లెక్కలో మా అత్త ఉండే చంద్రపూర్‌కు 83.88 పాయింట్లు వచ్చాయి. కాలుష్యంలో దేశంలో నాలుగో స్థానం.

పొద్దున్నే బీపీ చూపిద్దామని అత్తను తీసుకుని బయల్దేరాను. రోడ్డు మీద బొగ్గు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.