వెబ్‌క్యామ్ వీడియోలో మాట ఒకచోట, పెదవి ఒకచోట: సరిచేసుకునే పద్ధతి



ఇప్పుడు చాలామంది రైతులు జీవామృతం, ఘనజీవామృతం, నీమాస్త్రం తయారీని తామే వీడియో తీసి పెడుతున్నారు. లాప్‌టాప్‌కి వెబ్‌క్యామ్ తగిలించి, పశువుల పాక దగ్గరే కూర్చుని చెప్పేవాళ్లూ ఉన్నారు. చాలా మంచి పని. అయితే ఈ వీడియోల్లో తరచూ ఒక ఇబ్బంది వస్తుంది. పెదవి కదిలిన కాసేపటికి మాట వినపడుతుంది, లేదా మాట ముందే వచ్చేస్తుంది.

"అర్థమైతే చాలు కదండీ" అనుకోవద్దు. 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి అని మనం వరసగా చెప్తూ డ్రమ్ములో వేస్తాం. మాట రెండు సెకన్లు వెనకబడితే "బెల్లం" అని వినపడేసరికి తెర మీద పిండి పడుతూ ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టిన రైతు మన వీడియో చూసే కలుపుకుంటాడు. అందుకని దీన్ని సరిచేయడం అవసరం.

ముందు తెగులేదో తెలుసుకోవాలి

ఆకు పసుపు తిరిగితే వెంటనే ఏదో ఒకటి కొట్టేయం. పాత ఆకులు ముందు పసుపైతే నత్రజని లోపమేమో, లేత ఆకులు పసుపైతే ఇనుము లోపమేమో అని చూస్తాం. ఇక్కడా అంతే. తేడా రెండు రకాలు.

ఒకటి, మొదటి నుంచి చివరి దాకా ఒకే తేడా. రెండోది, మొదట్లో బాగానే ఉండి, పోను పోను పెరిగే తేడా. రెండింటికీ కారణాలు వేరు, మందు కూడా వేరు.

ఏ రకమో తెలియాలంటే రికార్డింగ్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కెమెరా ముందు గట్టిగా చప్పట్లు కొట్టండి. తర్వాత షాట్‌కట్ లాంటి ఉచిత ఎడిటర్‌లో ఫైల్ తెరిచి, చేతులు కలిసిన ఫ్రేమ్ ఎక్కడుందో, ఆడియో గీతలో ముల్లులా లేచిన చోటు ఎక్కడుందో చూడండి. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేమ్ సుమారు 33 మిల్లీసెకన్లు. ఆరు ఫ్రేముల తేడా అంటే 200 మిల్లీసెకన్లు.

మాట 45 మిల్లీసెకన్లు ముందుగా వచ్చినా, 125 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చినా చూసేవాళ్లు గుర్తుపడతారని అంతర్జాతీయ ప్రసార ప్రమాణాలు చెప్తున్నాయి. ఆలస్యాన్ని కాస్త ఎక్కువ ఓర్చుకోవడానికి కారణం ఉంది. దూరంగా గట్టు మీద ఎవరో గునపం వేస్తుంటే దెబ్బ ముందు కనపడి, చప్పుడు తర్వాత వినపడటం మనకి అలవాటే. చప్పుడు ముందు రావడం మాత్రం ప్రకృతిలో లేదు.

ఒకే తేడా ఉంటే

వెబ్‌క్యామ్ బొమ్మను తయారుచేసి లాప్‌టాప్‌కి పంపడానికి కొంత సమయం తీసుకుంటుంది. వైరు మైకు మాట అంతకంటే ముందే చేరుతుంది. బ్లూటూత్ మైకైతే తిరగబడుతుంది, మాటే వెనకబడుతుంది.

ఓబీఎస్ స్టూడియోలో రికార్డు చేసేవాళ్లకి ఇది తేలిక:

1. మాట ముందు వస్తుంటే: ఎడిట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్ తెరవండి. మైకు వరసలో సింక్ ఆఫ్‌సెట్ అనే గడిలో 200 వేయండి. మాట అంతసేపు ఆగి వస్తుంది.
2. మాట ఆలస్యమవుతుంటే: వెబ్‌క్యామ్ సోర్స్ మీద రైట్ క్లిక్ చేసి, ఫిల్టర్స్‌లో వీడియో డిలే పెట్టండి. బొమ్మ ఆగి మాటతో కలుస్తుంది.

ఇప్పటికే రికార్డు చేసేసిన ఫైలైతే ఎడిటర్‌లో డిటాచ్ ఆడియో నొక్కి, మాటను బొమ్మ నుంచి విడదీయండి. చప్పట్ల ముల్లును చేతులు కలిసిన ఫ్రేమ్ కిందకి జరపండి. అయిపోయింది.

కంప్యూటర్‌లో వీఎల్‌సీలో జె, కె మీటలు నొక్కితే మాట 50 మిల్లీసెకన్ల చొప్పున ముందుకీ వెనక్కీ జరుగుతుంది. తేడా ఎంతో కనుక్కోవడానికి బాగుంటుంది. అయితే అది చూసేటప్పుడు మాత్రమే, ఫైల్ మారదు.

పోను పోను పెరిగే తేడా ఉంటే

దీనికి ఎక్కువసార్లు కారణం వెలుతురే. పాకలో చీకటిగా ఉంటే వెబ్‌క్యామ్ ఒక్కో బొమ్మకి ఎక్కువసేపు వెలుగు తీసుకుంటుంది. 30 ఫ్రేములు ఇవ్వాల్సింది 15కి పడిపోతుంది. ఇలా ఫ్రేముల లెక్క మారుతూ ఉండే ఫైల్‌ని కొన్ని ఎడిటర్లు సరిగా చదవలేవు.

మందు: హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైల్ వేసి, వీడియో ట్యాబ్‌లో 30, కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని కొత్త ఫైల్ చేయండి. ఎడిటింగ్ ఆ కొత్త ఫైల్ మీదే చేయండి.

అప్పటికీ జారుతుంటే మైకు గడియారం, కెమెరా గడియారం వేరుగా నడుస్తున్నాయని అర్థం. రెండు చప్పట్ల మధ్య బొమ్మలో 1200 సెకన్లు, మాటలో 1201 సెకన్లు వచ్చాయనుకోండి. 1201ని 1200తో భాగిస్తే 1.00083. విడదీసిన ఆడియో వేగం అంత ఇచ్చి, తర్వాత మొదటి చప్పట్లను కలపండి. చివరివి వాటంతటవే కలుస్తాయి.

అసలు రాకుండా ఉండాలంటే

తెగులు వచ్చాక కొట్టడం కంటే విత్తనశుద్ధి మేలు కదా.

- వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి. కెమెరా సెట్టింగుల్లో లో లైట్ కాంపెన్సేషన్ ఉంటే తీసేయండి.
- వెబ్‌క్యామ్‌ని హబ్‌కి కాకుండా నేరుగా లాప్‌టాప్‌కి పెట్టండి.
- విండోస్ మైకు సెట్టింగులోనూ, ఓబీఎస్ ఆడియో సెట్టింగులోనూ ఒకే అంకె ఉండాలి. రెండు చోట్లా 48000 పెట్టుకోండి.
- వైరున్న కాలర్ మైకు వాడండి. మైకుకి 17 మీటర్ల దూరంలో నిలబడి మాట్లాడితే గాలిలోనే 50 మిల్లీసెకన్లు పోతాయి.
- లాప్‌టాప్ పాతదైతే 720 పిక్సెల్స్ చాలు. మిగతా ప్రోగ్రాములు మూసేయండి. చార్జర్ పెట్టే ఉంచండి, బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి.
- ఓబీఎస్‌లో ఎంకేవీ ఫైల్‌గా రికార్డు చేయండి. మధ్యలో కరెంటు పోయి సిస్టమ్ ఆగినా అప్పటిదాకా తీసింది మిగులుతుంది. తర్వాత ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్‌తో ఎంపీ4గా మార్చుకోవచ్చు.

చివరగా ఒక మాట. యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించిన వీడియో స్థానంలో సరిచేసిన ఫైల్ పెట్టడం కుదరదు. కొత్తగా ఎక్కిస్తే లింకు మారిపోతుంది, మీరు వాట్సాప్ గ్రూపుల్లో పంపిన పాత లింకు మాత్రం తప్పు వీడియోకే పోతూ ఉంటుంది. అందుకే ఎక్కించే ముందు మొదట్లో ఒక నిమిషం, మధ్యలో ఒక నిమిషం, చివర్లో ఒక నిమిషం చూడండి. కొలతలు చెప్పే చోటు మాత్రం పూర్తిగా చూడండి. మాట, చేయి కలిసి ఉంటేనే చూసే రైతు డ్రమ్ములో సరైనది సరైనంత పడుతుంది.