పేపర్లో నంబర్లు కాపీ కొట్టా... అక్క ఇంటికి నాలుగింటికి చేరింది

మా ఆఫీసులో రాత్రి షిఫ్ట్ రెండింటికి అయిపోతుంది. 24 మంది, ఆరు క్యాబ్‌లు. రాయదుర్గం నుంచి కొంతమందిని కొంపల్లి వైపు, కొంతమందిని ఉప్పల్ వైపు దింపాలి. ఎవరు ఏ క్యాబ్‌లో, ఏ వరసలో అన్నది తేల్చే ప్రోగ్రామ్ పని నా మీద పడింది. 24 మందిని వరస పెట్టే పద్ధతులు ఎన్నో తెలుసా? 6 పక్కన 23 సున్నాలు పెడితే వచ్చేదానికంటే ఎక్కువ. అన్నీ చూడటం కుదరదు కాబట్టి జెనెటిక్ అల్గారిథమ్ పట్టుకున్నా.

దాని పద్ధతి సింపులే. ముందు ఏవో 50 ప్లాన్లు తయారుచేస్తుంది. వాటిలో బాగున్నవాటిని జతచేసి పిల్ల ప్లాన్లు పుట్టిస్తుంది, అది క్రాసోవర్. అప్పుడప్పుడు ఒక ప్లాన్‌లో ఇద్దరి చోట్లు అటూ ఇటూ మారుస్తుంది, అది మ్యుటేషన్. ఇలా తరం తర్వాత తరం. మరి ఏది ఎంత పెట్టాలి? 1975లో కెన్నెత్ డి జాంగ్ తన పీహెచ్‌డీలో ఇచ్చిన నంబర్లు ఇప్పటికీ తిరుగుతుంటాయి: పాపులేషన్ 50, క్రాసోవర్ 0.6, మ్యుటేషన్ 0.001. అవే దించేశా.

ముప్పై తరాలకే 50 ప్లాన్లూ ఒకేలా తయారయ్యాయి. ఆ ప్లాన్‌లో ఉప్పల్ అక్క కొంపల్లి మీదుగా ఇంటికెళ్లాలి! మొదటి రోజే నాలుగింటికి చేరింది. "మీ కంప్యూటర్‌కి హైదరాబాద్ తెలీదా తమ్ముడూ? మా బాబు ఆరింటికే లేస్తాడు" అంది. కోపంగా కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ.

తప్పు ఎక్కడంటే, డి జాంగ్ 0.001 ఒక్కో బిట్‌కి. నేను మొత్తం ప్లాన్‌కి పెట్టా. 50 ప్లాన్లకి అంటే ఇరవై తరాలకి ఒక్క మార్పు! 1986లో గ్రెఫెన్‌స్టెట్ అయితే ఈ సెట్టింగ్స్ వెతకడానికే ఇంకో జెనెటిక్ అల్గారిథమ్ వాడి 30, 0.95, 0.01 అన్నాడు. పెళ్లిళ్ల పేరయ్యని వెతకడానికి ఇంకో పేరయ్య అన్నమాట. ఆ నంబర్లు వాళ్ల లెక్కలకి సరిపోయాయి, మా క్యాబ్‌లకి కాదు.

మళ్లీ మొదలుపెట్టా. ప్రతిసారీ 20,000 ప్లాన్లే చూడాలని హద్దు పెట్టుకున్నా, లేకపోతే పోలికకి అర్థం లేదు. మ్యుటేషన్ 0.4 పెట్టి ఒక్కసారి రన్ చేస్తే అదిరిపోయింది, టీమ్‌కి చాయ్ కూడా ఇప్పించా. ఇంకోసారి రన్ చేస్తే చెత్త. అదంతా లక్కే! అప్పట్నుంచి ఒక్కో సెట్టింగ్‌ని వేర్వేరు ర్యాండమ్ సీడ్‌లతో 30 సార్లు నడిపి, మధ్య రిజల్ట్‌నీ, అన్నిటికంటే చెత్త రిజల్ట్‌నీ చూశా. చివరికి పాపులేషన్ 100, మ్యుటేషన్ 0.2 దగ్గర ఆగా. క్రాసోవర్ 0.7 అయినా 0.9 అయినా పెద్ద తేడా లేదు. అసలు తేడా టోర్నమెంట్ దగ్గర వచ్చింది. తల్లిదండ్రుల్ని ఎంచడానికి ఏడు ప్లాన్ల మధ్య పోటీ పెట్టేవాణ్ని, దాన్ని మూడుకి తగ్గించగానే ప్లాన్లన్నీ ఒకే మూసలో పడటం తగ్గింది.

ఇంకో నంబర్ మాత్రం ఎన్నిసార్లు రన్ చేసినా దొరికేది కాదు. చివర దిగే మనిషికి ఒక నిమిషం ఆలస్యమైతే అది ఎన్ని కిలోమీటర్ల డీజిల్‌తో సమానం? ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో కూర్చుని ప్రస్తుతానికి ఒక కిలోమీటర్ అనుకున్నాం. అక్క ఇప్పుడు మూడింటికల్లా ఇంట్లో ఉంటోంది. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు మాత్రం ఒక కిలోమీటర్ ఎక్కువంటున్నారు. అక్కేమో తక్కువంటోంది.